వెచ్చాలు ఉన్నాయి, ఫ్రీజర్ లేదు: అమెరికాలో ఫుడ్ ప్యాంట్రీ ఎలా నడుస్తుంది, క్లబ్బులు ఎక్కడ చేయి వేయాలి

మేం వాలంటీర్లుగా పనిచేసే ఫుడ్ ప్యాంట్రీలో, అంటే అవసరమైనవాళ్లకు వెచ్చాలు ఉచితంగా ఇచ్చే చోట, ఒక వారం మధ్యలో ఎవరూ లేని పూట పెద్ద ఫ్రీజర్ ఆగిపోయింది. శనివారం పొద్దున ఏడింటికి తాళం తీసినావిడకి గుమ్మంలోనే కాలికి నీళ్లు తగిలాయి. మూత ఎత్తి చూస్తే కోడిమాంసం ప్యాకెట్లన్నీ మెత్తబడి ఉన్నాయి. థర్మామీటరు గుచ్చితే 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. మాంసం, పాలు, గుడ్లు లాంటివి 41 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (5 సెల్సియస్‌కు) పైన గంటల తరబడి ఉంటే ఎవరికీ ఇవ్వకూడదు. ఇక రెండో మాట లేదు. నలుగురం తొడుగులు వేసుకుని అదంతా నల్ల సంచుల్లోకి ఎత్తి వెనక చెత్త తొట్టిలో వేశాం. ముందు తలుపు దగ్గర అప్పటికే వరుస కట్టారు. సంచులు మోస్తున్న మమ్మల్ని ఇద్దరు ముగ్గురు చూశారు. ఏం పారేస్తున్నారని వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు.

అదే పూట లోపల అరల మీద మొక్కజొన్న డబ్బాలు పైకప్పును అంటుతున్నాయి. అంతకు ముందు వారం ఒక ఆఫీసు వాళ్లు ఎంతో ప్రేమగా తెచ్చి ఇచ్చినవి.

ప్యాంట్రీకి ఏం కావాలని ఎవరడిగినా నాకు ఆ పొద్దే గుర్తొస్తుంది. తిండి సరుకు ఏదో ఒక దారిన వస్తుంది. దాన్ని చల్లగా ఉంచే పెట్టె, తెచ్చే బండి, బండి తోలే మనిషి, కరెంటు బిల్లు కట్టే డబ్బు మాత్రం వాటంతట అవి రావు. లయన్స్, రోటరీ, కివానిస్ లాంటి సేవా క్లబ్బులు వచ్చి నిలబడాల్సింది సరిగ్గా అక్కడేనని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఈ తిండి ఎక్కడ బయల్దేరి, ఎన్ని చేతులు మారి ఆ అర మీదికి చేరుతుందో చూడాలి.

బ్యాంకు వేరు, ప్యాంట్రీ వేరు

మనవాళ్లు చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. ఫుడ్ బ్యాంకు అంటే గోదాము. లారీలు, ఫోర్క్‌లిఫ్టులు, జీతం మీద పనిచేసే మనుషులు ఉంటారు. జిల్లాల్లాంటి కౌంటీలు ఎన్నింటికో కలిపి ఒకటి ఉంటుంది, మామూలుగా అది నేరుగా ఇళ్లకు ఇవ్వదు. ఫుడ్ ప్యాంట్రీ ఆ గోదాము నుంచి సరుకు తెచ్చుకుని ఊళ్లోవాళ్లకు ఇచ్చే చిన్న చోటు. చర్చి నేలమాళిగ కావచ్చు, ఖాళీగా పడి ఉన్న దుకాణం కావచ్చు. టోకు వర్తకుడికీ వీధి చివర కిరాణా కొట్టుకీ ఉన్న తేడా అన్నమాట. ఫీడింగ్ అమెరికా అనే జాతీయ సంస్థ కింద సుమారు 200 ఫుడ్ బ్యాంకులు, వాటిని ఆనుకుని 60 వేల దాకా ప్యాంట్రీలు, భోజనం పెట్టే కేంద్రాలు ఉన్నాయి. ఆ కొస చిన్న చోట్లలో ఎన్నింటిలోనో జీతం తీసుకునే మనిషి ఒక్కరూ ఉండరు.

మా నాన్న ఆరు నెలలకని ఇక్కడికి వచ్చినప్పుడు ఒక శనివారం నాతో ప్యాంట్రీకి వచ్చారు. బంగాళదుంపలు సంచుల్లోకి పోస్తూ చాలాసేపు అందర్నీ చూశారు. కారెక్కాక, "ఇది అన్నదానం కాదమ్మా, స్వయంపాకం" అన్నారు. నేను ఇన్నేళ్లు ఎవరికీ ఒక్క ముక్కలో చెప్పలేకపోయింది ఆయన చెప్పేశారు. అన్నదానంలో పెట్టేవాడు వండుతాడు, తినేవాడు విస్తరి ముందు కూర్చుంటాడు. స్వయంపాకంలో బియ్యం, పప్పు, కూరలు ఇచ్చి పంపిస్తారు. ఆ మనిషి తన ఇంట్లో, తన పొయ్యి మీద, తన రుచికి వండుకుని తన పిల్లలకు వడ్డించుకుంటాడు. ప్యాంట్రీ అంటే అదే. వండి వడ్డించే సూప్ కిచెన్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

ఈ ఏర్పాటుకు వయసు మరీ ఎక్కువ లేదు. 1960లలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన పేదలకు భోజనం పెట్టే చోట వాలంటీరుగా ఉండేవారు. కిరాణా దుకాణాల వెనక తొట్టెల్లో పారేసినవి ఏరుకుని పిల్లల్ని పోషించుకునే ఒక తల్లి ఆయనకు తారసపడింది. డబ్బుకు బ్యాంకు ఉన్నట్టు తిండికీ ఒక బ్యాంకు ఉండాలి, మిగిలినవాళ్లు వేయాలి, కావలసినవాళ్లు తీసుకోవాలి అన్నది ఆవిడ ఆలోచనే. 1967లో సెయింట్ మేరీస్ చర్చి వాడకంలో లేని ఒక భవనాన్ని, 3,000 డాలర్లను ఆయన చేతిలో పెట్టింది. సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ అలా పుట్టింది. ప్రపంచంలో మొదటి ఫుడ్ బ్యాంకుగా దాన్నే చెబుతారు. అక్కడి నుంచి పాకి 1979కల్లా సెకండ్ హార్వెస్ట్ పేరుతో జాతీయ సంస్థ అయింది. 2008లో దాని పేరే ఫీడింగ్ అమెరికాగా మారింది. ఆ తల్లి పేరు చరిత్రలో ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆ ఆలోచన మాత్రం ఆవిడది.

మూడు దారులు

అర మీది సరుకు మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది మిగులు. అమెరికాలో పండే, తయారయ్యే ఆహారంలో 30 నుంచి 40 శాతం వృథా అవుతుందని ఇక్కడి వ్యవసాయ శాఖ అంచనా. సూపర్‌మార్కెట్లో రేపటితో అమ్మకం గడువు తీరే రొట్టె, పై డబ్బా నలిగిన, పాలలో వేసుకుని తినే సీరియల్, రంగు కాస్త తగ్గిన అరటిపళ్లు, ఇవన్నీ తినడానికి నిక్షేపంగా పనికొస్తాయి. ఒకప్పుడు దుకాణాలు ఇవ్వడానికి భయపడేవి. ఎవరికైనా కడుపులో తేడా చేస్తే కోర్టుకు ఈడుస్తారేమోనని. ఆ భయం తీర్చడానికి 1996 అక్టోబరు 1న బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టం మీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. మంచి మనసుతో ఇచ్చినవారి మీద, ఘోరమైన నిర్లక్ష్యమో కావాలని చేసిన తప్పో ఉంటే తప్ప, దావా నిలవదు. ఇప్పటికీ కొందరు దుకాణదారులు "లాయర్లు ఒప్పుకోరండీ" అంటారు. ఈ చట్టం పేరు చెప్పండి.

డబ్బాల మీద తేదీల సంగతీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర రోజూ వచ్చే తగువు ఇదే. పసిపిల్లల పాలపొడికి తప్ప మరే ఆహారానికీ తేదీ వేయాలని కేంద్ర చట్టం ఏదీ అడగదు. 'బెస్ట్ ఇఫ్ యూజ్డ్ బై' అన్నది తయారీదారు రుచి గురించి చెప్పే మాట, విషమవుతుందన్న హెచ్చరిక కాదు. ఫుడ్ బ్యాంకులు ఏ రకం సరుకు తేదీ దాటి ఎన్నాళ్లు ఇవ్వొచ్చో పట్టిక ఇస్తాయి. ఉబ్బిన డబ్బా, అతుకు దగ్గర నొక్కుకుపోయిన డబ్బా మాత్రం తేదీ ఎంత ఉన్నా పారేయాల్సిందే. పాలపొడి తేదీ దాటితే అంతే.

రెండో దారి ప్రభుత్వం. దీని కథ జున్నుతో మొదలైంది. పాడి రైతులకు ధర నిలబెట్టడానికి ప్రభుత్వం కొన్న జున్ను గోదాముల్లో గుట్టలు పడి బూజు పట్టడం మొదలైతే, 1981 చివర్లో రీగన్ ప్రభుత్వం దాన్ని పేదలకు పంచమంది. ఆ పంపకానికి 1983లో చట్టం చేసినప్పుడు పేరులోనే 'టెంపరరీ' అని పెట్టారు. తాత్కాలికం అని. 1990లో ఆ మాట తీసేశారు. ఇప్పుడు దాన్ని టెఫాప్ (ది ఎమర్జెన్సీ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్) అంటారు. వ్యవసాయ శాఖ సరుకు కొంటుంది. ఏ రాష్ట్రంలో పేదలెందరు, ఉద్యోగం లేనివాళ్లెందరు అన్న లెక్క మీద వాటాలు వేస్తుంది. రాష్ట్రం నుంచి ఫుడ్ బ్యాంకుకు, అక్కడి నుంచి మాకు. ఈ సరుకుతో కొన్ని నియమాలు వెంట వస్తాయి. వచ్చినవారి చేత ప్రార్థన చేయించకూడదు, పని చేయించకూడదు, చందా అడగకూడదు. వివక్ష చూపం అని చెప్పే పోస్టరు గోడకు కనిపించేలా ఉండాలి. ఆదాయం గురించి మామూలుగా వాళ్లు చెప్పిందే తీసుకుంటాం, పే స్టబ్బులు, అంటే జీతం చీటీలు, చూపించమనం. కొత్తగా వచ్చే వాలంటీర్లకు ఇది మింగుడు పడదు. "మంచి కారులో వచ్చాడే" అంటారు. ఉద్యోగం పోయిన మర్నాడు కారు మాయమైపోదు కదా. పైగా అమెరికాలో కారు లేకపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం కూడా కష్టం.

మూడోది కొన్నదీ, జనం ఇచ్చిందీ. పోస్ట్‌మన్లు ఏటా మే నెల రెండో శనివారం ఇంటింటి దగ్గరా డబ్బాలు సేకరిస్తారు, 1993 నుంచి దేశమంతటా. బళ్లు, గుళ్లు, చర్చిలు, ఆఫీసులు చేసే ఫుడ్ డ్రైవ్‌లు ఇందులోవే. చాలామందికి ప్యాంట్రీ అనగానే కళ్ల ముందు మెదిలేది ఇదే. కానీ మా దగ్గరికి వచ్చే సరుకులో దీని వాటా మూడింట్లో చిన్నది.

తిండికి వేలం

తిండి ఎక్కడ చిక్కుకుంటుందో అర్థం కావడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. ఒకప్పుడు ఏ ఫుడ్ బ్యాంకుకు ఏ లారీ పంపాలో జాతీయ కార్యాలయం ఫోను మీద నిర్ణయించేది. దాంతో బంగాళదుంపలు పండే ఐడహోకు బంగాళదుంపలు పోవడం లాంటి వింతలు జరిగేవి. ఎవరి దగ్గర ఏముందో పైన కూర్చున్నవాళ్లకు తెలియదు మరి. 2005లో షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తల సాయంతో పద్ధతి మార్చారు. ప్రతి ఫుడ్ బ్యాంకుకూ 'షేర్లు' అనే లెక్క డబ్బు ఇస్తారు. అది నిజం డబ్బు కాదు. ఎక్కువ మంది పేదలున్న ప్రాంతానికి ఎక్కువ షేర్లు. ఎవరికి ఏం కావాలో వాళ్లు వేలంలో పాడుకుంటారు.

పేదలకిచ్చే తిండికి వేలమేమిటని మొదట చాలామందికి కష్టంగా తోచింది, నాక్కూడా. కానీ ఆ వేలం ఒక నిజాన్ని బయటపెట్టింది. పాస్తా, సీరియల్ లాంటి నిలవ సరుకులకు గిరాకీ బాగా పలికింది. తాజా కూరగాయలకు అతి తక్కువ పలికింది. ఎవరూ తీసుకోని సరుకైతే తీసుకున్నవారికే ఎదురు షేర్లు ఇచ్చారు. కూరగాయలు పేదలకు అక్కర్లేదనా? వాళ్లు మా దగ్గర అన్నిటికంటే ముందు చూసేది వాటివైపే. వాటిని ఇవాళ అందుకుని ఇవాళే పంచాలి, లేదా చల్లగా పెట్టాలి. ఆ బలం గొలుసు చివర, అంటే ప్యాంట్రీ దగ్గర, లేదు. లారీ నిండా పాలకూర ఉచితంగా ఇస్తామన్నా పెట్టే చోటు లేక వద్దన్న రోజులు మాకున్నాయి. అలా వద్దని ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

ఉచితంగా వచ్చిన తిండికి అయ్యే ఖర్చు

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర వెనకాడినట్టు ఉంటుంది లోకం తీరు. తిండి ఇవ్వడానికి చాలామందికి చేతికి ఎముక ఉండదు. అదే చేయి కరెంటు బిల్లు అనగానే జేబులోకి పోతుంది. దాతల తప్పేం లేదు. డబ్బా చేతిలో పెడితే ఒక ఆకలి తీరినట్టు కళ్లకు కడుతుంది. చీడపీడల మందు కొట్టేవాడి బిల్లు కడితే ఏ ముఖమూ కళ్లకు కట్టదు.

అయినా ఆ బిల్లులు లేకుండా ప్యాంట్రీ లేదు. అద్దె, అద్దె లేకపోతే కనీసం కరెంటు, నీళ్లు. బీమా. వ్యాను పెట్రోలు, టైర్లు. సరుకు నేలకు ఆరంగుళాల ఎత్తున ఉండాలి కాబట్టి అరలు, ప్యాలెట్లు. బరువు లాగే ప్యాలెట్ జాక్. ఎలుకలు రాకుండా నెల నెలా చూసే మనిషి. అట్టపెట్టెలు గుట్టలుగా మిగులుతాయి కాబట్టి చెత్త ఎత్తించే ఖర్చు కూడా మామూలు ఇంటిలా ఉండదు. కొన్ని ఫుడ్ బ్యాంకులు పౌండుకు ఇన్ని సెంట్లని నిర్వహణ కింద తీసుకునేవి, వాటిలో కొన్ని ఇప్పుడు మానేశాయి.

ఒక్క డాలరు ఇస్తే కనీసం పది భోజనాలు అందుతాయని ఫీడింగ్ అమెరికా చెబుతుంది. ఆ మాట విని అనుమానపడేవాళ్లున్నారు, అపార్థం చేసుకునేవాళ్లూ ఉన్నారు. 1.2 పౌండ్ల సరుకును ఒక భోజనంగా లెక్కేస్తారు. సరుకులో చాలా భాగం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఆ డాలరు దాన్ని కదిలించడానికి, నిలవ చేయడానికి అవుతుంది. అది దేశం మొత్తం మీద వేసిన లెక్క. మా బల్ల మీద డాలరు పెడితే పదిమంది తినేసి వెళ్లరు. కానీ లెక్కలోని సారం మా దగ్గరా నిజమే. దుకాణంలో నిండు ధర పెట్టి కొన్న డబ్బా ఒక్క డబ్బాయే. అదే డబ్బు పెట్రోలుకు ఇస్తే వ్యాను వెళ్లి సూపర్‌మార్కెట్ వెనక తలుపు నుంచి బండెడు తెస్తుంది.

క్లబ్బుల లోపల ఏముంది

సేవా క్లబ్బులంటే మనకు కొత్తేం కాదు. మన ఊళ్లలో లయన్స్ కంటి శిబిరాలు చూసినవాళ్లమే. కానీ వాటి పుట్టుక, లెక్కల పద్ధతి తెలిస్తే వాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది.

పాల్ హారిస్ అనే లాయరు 1905 ఫిబ్రవరి 23న షికాగోలో మరో ముగ్గురితో కూర్చుని మొదలుపెట్టింది రోటరీ. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా కలిసేవారు కనుక ఆ పేరు. వాళ్లు ఊరి కోసం తలకెత్తుకున్న మొదటి పని ఏమిటో తెలుసా? షికాగో నగరంలో జనం కోసం మరుగుదొడ్లు కట్టించడం. అది తెలిసిన రోజు నుంచి ఆ క్లబ్ మీద నా గౌరవం రెట్టింపైంది. కివానిస్ 1915లో డెట్రాయిట్‌లో, లయన్స్ 1917లో షికాగో ఇన్సూరెన్స్ వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో పుట్టాయి. 1925లో హెలెన్ కెల్లర్ వచ్చి చూపులేనివారి పక్షాన నిలబడమని అడిగింది కాబట్టే లయన్స్ అంటే నేటికీ కళ్లు గుర్తొస్తాయి. ఇప్పుడు వాళ్లు ప్రపంచవ్యాప్తంగా పెట్టుకున్న ముఖ్యమైన పనుల్లో ఆకలి కూడా ఒకటి.

డబ్బు సంగతికి వస్తే, లయన్స్ క్లబ్బుకు మామూలుగా రెండు ఖాతాలు. సభ్యుల చందాలు ఒకదాంట్లో. వాళ్ల భోజనాలు, ఆఫీసు ఖర్చులు అందులోంచే. జనం దగ్గర పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెట్టో, లాటరీ టికెట్లు అమ్మో పోగుచేసింది ఇంకోదాంట్లో. అది తిరిగి జనానికే పోవాలి, క్లబ్ తన అవసరాలకు ముట్టకూడదు. కాబట్టి వాళ్లను అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఆ డబ్బు ఇలాంటి పని కోసమే అక్కడ కూర్చుని ఉంది.

పన్నుల దగ్గర ఒక చిక్కుంది. ప్యాంట్రీలు చాలావరకు పన్ను చట్టంలోని 501(సి)(3) కింద, ధార్మిక సంస్థలుగా, నమోదవుతాయి, లేదా అలా నమోదైన చర్చి నీడన ఉంటాయి. వాటికిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు వస్తుంది. క్లబ్బులు ఎక్కువగా 501(సి)(4) కిందికి వస్తాయి, వాటికిచ్చినదానికి ఆ మినహాయింపు మామూలుగా రాదు. అందుకే చాలా క్లబ్బులు పక్కనే ఒక ఫౌండేషన్ పెట్టుకుంటాయి. ప్యాంట్రీ కోసం పెద్ద చెక్కు రాసే దాత ఎవరి పేరున రాయాలో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మరొకటి, క్యాలెండరు. రోటరీకీ లయన్స్‌కీ ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అధ్యక్షులు ఆ రోజు మారిపోతారు. మాకొకసారి ఒక క్లబ్ అధ్యక్షుడు మే నెలలో కరచాలనం చేసి "అరలు మావి" అన్నారు. ఆయన మాట మంచిదే, మనసూ మంచిదే. జులైలో కొత్తవారు వచ్చాక ఆ మాట ఎక్కడా కాగితం మీద లేదు. అప్పటి నుంచి చిన్నదైనా ఉత్తరం రాసి, మినిట్స్‌లో చేర్చమని అడుగుతున్నాం. రోటరీలో జిల్లా గ్రాంట్లు ఉంటాయి కానీ వాటికి ముందే దరఖాస్తు పెట్టాలి, ఏడాది పథకంలో చేరాలి. ఫ్రీజర్ ఆగిన మర్నాడు ఆ దారి పనికిరాదు. ఆ మర్నాటికి పనికొచ్చేది క్లబ్ సొంత ఖాతా. కాబట్టి పెద్దది గ్రాంటులో అడగాలి, అత్యవసరానిది క్లబ్ బోర్డులో అడగాలి.

అడిగే పద్ధతి కూడా ఒకటుంది. క్లబ్బులకు ప్రతి సమావేశానికీ మాట్లాడేవాళ్లు కావాలి. వెళ్లి పది నిమిషాలు మాట్లాడండి. ఆకలి గురించి ఉపన్యాసం వద్దు. ఫ్రీజర్ కొలతలు, దుకాణం ఇచ్చిన కొటేషన్, అది లేక పోయిన నెల ఎన్ని పౌండ్లు పారేశామో చెప్పే చీటీ, ఇవి బల్ల మీద పెట్టండి. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో రిటైరైన ఎలక్ట్రీషియన్, బ్యాంకు మేనేజరు, లారీల వ్యాపారి ఉంటారు. వాళ్లకు అంకెల భాష ఇట్టే అర్థమవుతుంది.

ఏ రోజు, ఎన్నింటికి

డబ్బు కన్నా అరుదైనది ఒకటుంది, పనిరోజు పొద్దుటి గంటలు. సూపర్‌మార్కెట్లు మిగులు ఇచ్చేది ఎక్కువగా అప్పుడే. మంగళవారం ఎనిమిదిన్నరకు వెనక తలుపు దగ్గర వ్యాను ఉండాలి, పాలు, మాంసం ఉష్ణోగ్రత చూసి చీటీ మీద రాసుకోవాలి, అరగంటలో ఫ్రిజ్‌కు చేర్చాలి. రెండు మూడుసార్లు ఎగ్గొడితే ఆ దుకాణం మనల్ని నమ్మడం మానేస్తుంది. మాలాంటి ఉద్యోగస్తులం శనివారాలు వస్తాం, మంగళవారం మాత్రం ఎక్కడ దొరుకుతాం? క్లబ్బుల్లో రిటైరైనవాళ్లు ఎక్కువ. మా ఊరి క్లబ్ నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వంతులు వేసుకుని ఆ మంగళవారం దారిని మూడేళ్లుగా ఒక్కటీ తప్పకుండా నడిపిస్తున్నారు. వాళ్ల ఫొటో ఎక్కడా రాలేదు. మా దగ్గర పిల్లలు తాగే పాలలో సగం వాళ్ల చేతుల మీదుగా వచ్చినవే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన రోజొకటి ఉంటుంది. నవంబరు చివర ఒకే శనివారం క్లబ్బువాళ్లు నలభై మంది పసుపు చొక్కాలతో వస్తారు. సర్దడానికి అంత పని ఉండదు, ఏం చేయాలో చూపించడానికి మాకు చేతులు చాలవు. నవంబరు, డిసెంబరు నెలల్లో అరలు నిండి పొర్లుతాయి. అందరికీ పండగ గుర్తొస్తుంది, మంచిదే. జూన్ వచ్చేసరికి బడులు మూస్తారు. బడిలో దొరికే పొద్దుటి పలహారం, మధ్యాహ్న భోజనం ఆగిపోయి పిల్లలంతా ఇంట్లోనే ఉంటారు. ఇచ్చేవాళ్లు సెలవులకు వెళ్తారు. జులై నెలలో మా ప్యాంట్రీ అరలు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఏదైనా క్లబ్ జులైని తన నెలగా తీసుకుంటే చాలు, నవంబరు దానంతట అదే గడిచిపోతుంది.

ఏం కొనాలి అని అడిగేవారికి నా జవాబు సబ్బు, డైపర్లు, టాయిలెట్ పేపరు, శానిటరీ ప్యాడ్లు. ప్రభుత్వం పేదలకు తిండి కొనుక్కోవడానికి ఇచ్చే స్నాప్ కార్డుతో ఇవేవీ కొనలేరు. ఆ కార్డు ఉన్న ఇంట్లో కూడా ఇవి చేతి డబ్బుతోనే కొనాలి. మిగులు సరుకులో ఇవి దాదాపు రావు. డైపర్ల ప్యాకెట్ చేతికిచ్చినప్పుడు తల్లుల ముఖంలో కనిపించే వెలుగు నేను ఏ కూరగాయ సంచి దగ్గరా చూడలేదు.

ఆకలికి రుచి తెలియదా

ఆకలి రుచి ఎరుగదు అంటాం. మొదట్లో మా ప్యాంట్రీ కూడా ఆ సామెత మీదే నడిచింది. అందరికీ ఒకేలా ముందే నింపిన సంచి. తీసుకో, వెళ్లు. త్వరగా అయ్యేది. తర్వాత పార్కింగ్ చివర చెత్తబుట్ట పక్కన పేర్చి పెట్టిన డబ్బాలు కనిపించేవి. అక్కర్లేనివి పారేయడానికి మనసొప్పక ఎవరో అక్కడ పెట్టి వెళ్లినవి. బీపీ ఉన్న ముసలాయనకు ఉప్పు నీళ్లలో నిలవ చేసిన కూరగాయ ఎందుకు? పంది మాంసం తినని ఇంటికి హ్యామ్ ఎందుకు?

ఇప్పుడు దుకాణంలోలా అరల మధ్య నడిచి ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుంటారు. ఎన్నుకునే పద్ధతి అంటారు దీన్ని. చోటు ఎక్కువ కావాలి, మనుషులు ఎక్కువ కావాలి, వరుస నెమ్మదిగా కదులుతుంది. పారేసేది మాత్రం బాగా తగ్గింది. క్లబ్బువాళ్లు ఇచ్చిన అరలు లేకపోతే ఈ మార్పు జరిగేది కాదు, ఎందుకంటే నేల మీద పెట్టెల్లోంచి ఎవరూ ఎన్నుకోలేరు.

ఒకసారి నా ముందు ఒకావిడ బియ్యం సంచి ఎత్తి చూసి మళ్లీ అర మీద పెట్టేసింది. చిక్కుడు గింజలు తీసి పెట్టేసింది. సాయం కావాలా అని అడిగితే, ఎవరికీ వినపడకుండా, "పొయ్యి లేదు, కారులో ఉంటున్నాం" అంది. నాన్న చెప్పిన స్వయంపాకానికి కూడా ఒక పొయ్యి ఉండాలన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆ తర్వాత ఒక అర వేరే పెట్టాం. వేడి చేయకుండా తినగలిగేవి, కత్తి అక్కర్లేకుండా రింగు లాగితే తెరుచుకునే డబ్బాలు, వేరుశనగ వెన్న, చిన్న పాల ప్యాకెట్లు. ఆ అర మీద ఏ బోర్డూ లేదు. అవసరం ఉన్నవాళ్లకు మేమే దారి చూపిస్తాం.

ఎంత బరువు మోయగలం

ఇంతా చేసి ప్యాంట్రీలు అమెరికా ఆకలిని తీర్చేస్తున్నాయని అనుకోకూడదు. 2023లో కోటీ 80 లక్షల ఇళ్లలో, అంటే 13.5 శాతం ఇళ్లలో, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తిండికి ఇబ్బంది పడ్డారని వ్యవసాయ శాఖ లెక్క. ఫుడ్ బ్యాంకుల గొలుసు ఒక భోజనం అందిస్తే స్నాప్ తొమ్మిది అందిస్తుందని ఫీడింగ్ అమెరికాయే చెబుతుంది. 2025 అక్టోబరులో నిధుల బిల్లు కుదరక కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి, నవంబరులో దాదాపు 4 కోట్ల 20 లక్షల మందికి ఆ స్నాప్ సాయానికి అంతరాయం వచ్చినప్పుడు ప్యాంట్రీల ముందు వరుసలు ఎలా పెరిగాయో చూసినవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. తొమ్మిది ఆగితే ఆ ఒక్కటి మోయలేదు. క్లబ్బులు, ప్యాంట్రీలు కలిసి చేసేది ఆ పదో వంతు పని. ఆ పదో వంతు మీద నెలాఖరు గడిచే ఇళ్లు మాకు తెలుసు, వాళ్ల పిల్లల పేర్లు తెలుసు.

ఫ్రీజర్ ఆగిందని తెలిసిన ఆ శనివారం మధ్యాహ్నం మా నిర్వాహకురాలు క్లబ్ కోశాధికారికి ఫోను చేసింది. ఆ మంగళవారం వాళ్ల బోర్డు కూర్చుంది. ఆ తర్వాతి వారం లారీ వెనక నుంచి కొత్త ఫ్రీజర్ దిగింది. మంగళవారం దారి నడిపే ఇద్దరిలో ఒకాయన, ఏసీ మెకానిక్‌గా నలభై ఏళ్లు పనిచేసినాయన, దాన్ని గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపించి, గాలి ఆడాలి అన్నారు. కరెంటు పోయినా, చలి తగ్గినా ముగ్గురి ఫోన్లకు కబురు పోయే చిన్న పరికరం తన డబ్బుతో కొని లోపల అతికించారు. క్లబ్ పేరున్న స్టిక్కరు ఎక్కడ అంటించాలని అడిగితే, వెనక వైపు వేయండి, ముందు వైపు కాగితానికి చోటు కావాలి అన్నారు.

ఆ కాగితం ఇప్పుడు తలుపు మీద ఉంది. రోజుకు రెండు గళ్లు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి గడిలో ఆయన చేతిరాత: ఉదయం 8:50, సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్. పక్కనే పొడి అక్షరాలు.